అచ్చు చూశాకే కుర్చీ ఎక్కిన బాపు

మా బాపు వడ్రంగి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఎన్నో కంప్యూటర్ బల్లలు ఆయన చేసినవే. అలాంటి మనిషి, దవడలో డ్రిల్లు పెట్టి కొత్త పన్ను బిగిస్తారంటే మాత్రం భయపడి ఆరు నెలలు తప్పించుకున్నాడు.

ఈ రోజు పంజాగుట్టలో పళ్ల డాక్టరమ్మ ఆయన దవడ స్కాన్‌ని కంప్యూటర్‌లో తిప్పి చూపించింది. ఆ కొలతలతో చేసిన, పళ్ల మీద తొడిగే ప్లాస్టిక్ అచ్చు చేతిలో పెట్టింది. డ్రిల్లు అందులోని రంధ్రంలోంచే దిగుతుందట. బాపు కళ్లద్దాలు సర్దుకుని రంధ్రంలోకి చూశాడు.

"జర పక్కకు వొంగింది గదమ్మా?"

"మీ ఎముకే అలా వాలి ఉందండీ. అందుకే."

"గట్లయితే బరాబరే. కానియ్యమ్మా."

వెంటనే కుర్చీ ఎక్కాడు. ఆరు నెలలుగా నేను చెప్పిన ధైర్యమంతా దండగ!

అడిగి తెచ్చుకున్న ఆ అచ్చు ఇప్పుడు ఆయన పనిముట్ల పెట్టెలో ఉంది. డాక్టర్ పనిని తనిఖీ చేసిన పేషెంట్లు మీ ఇళ్లలోనూ ఉన్నారా?