ఒక పక్కకు ఒరిగిన మిరప వ్యాగన్

మా తాత ప్రేమదాసు ఇంటికి వస్తున్నాడని వీధి చివర, బట్టలకంటిన మిరప ఘాటుకు ఆయన తుమ్మే తుమ్ములే చెప్పేవి. గుంటూరు పక్కన మా ఊరి గూడ్స్ షెడ్డులో, సరుకు ఎక్కించిన వ్యాగన్లను పరీక్షించడం ఆయన ఉద్యోగం. ఆయన ‘ఫిట్’ అంటేనే బండి కదలాలి. ఇంట్లో నాయనమ్మ దగ్గర చెల్లని మాట అక్కడైనా చెల్లుతున్నందుకు మాకు నవ్వొచ్చేది. ఖలాసీగా చేరి అక్కడే ముసలివాడయ్యాడు. రిటైరవడానికి ఇంకా కొంత కాలం ఉన్నా, ఆయనకు ఎప్పుడో చాలనిపించింది.

తొంభై తొమ్మిది మే నెలలో ఒకరోజు మిరపకాయ బస్తాల వ్యాగన్ ఒకటి ఒరిగి కనిపించింది. తాత వంగి చూశాడు. ఇటు స్ప్రింగులు అణిగిపోయాయి, అటువి తేలి ఉన్నాయి. కారణం ఆయనకు కొత్త కాదు. ఎండకు కాగిన ఆ ఇనప పెట్టెలో అవతలి మూలకు పోతే ఘాటుకు ఊపిరాడదు. అందుకని బస్తాలు మోసే ముఠావాళ్ళు తలుపు పక్కనే పేర్చేసి దిగిపోతారు.

ముఠా మేస్త్రి మార్క్, మా నాయనమ్మ తమ్ముడే.

“మళ్ళీ పేర్చండ్రా,” అన్నాడు తాత.

“ఒళ్ళంతా మండిపోతంది బావా. నీకేం, కింద నుంచుని చెబుతావు.”

వ్యాపారి గుమాస్తా నాగేంద్రబాబు కలగజేసుకున్నాడు. “నెమ్మదిగా తోలమని డ్రైవర్‌కి చెబుదామండీ ప్రేమదాసుగారూ.”

“ఇక్కడ నెమ్మదిగానే పోతాడండీ. తెనాలి దాటి మెయిన్ లైన్లో పడ్డాక, వెనక ఎక్స్‌ప్రెస్ ఉంటే పోనిస్తారా? స్పీడులో వంపు తిరిగితే తేలిన చక్రం పట్టా మీదికెక్కి బండి పడిపోద్ది.”

“ఇన్నాళ్ళూ పడలేదుగా!” అన్నాడు మార్క్.

ఉద్యోగంలో చేరినప్పటినుంచీ వింటున్న మాటే. తాత తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకుని వ్యాగన్ ఎక్కాడు. ఎక్కాడనకూడదు లెండి, ఆ మోకాళ్ళతో పాకాడు.

లోపలినుంచి ముందు తుమ్ము, తర్వాత బస్తా ఈడ్చిన చప్పుడు, ఆ వెనక దగ్గు. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

“మా అక్క నన్ను చంపుద్ది,” అంటూ మార్క్ లోపలికి దూకాడు. ముఠా అంతా తిట్టుకుంటూ వెనకే ఎక్కింది.

పొద్దు వాలేసరికి రెండు పక్కల స్ప్రింగులూ ఒక్క తీరున అణిగాయి. తాతకు గొంతు పోయింది. ‘ఫిట్’ అని చేత్తోనే చెప్పాడు. బండి వెళ్ళిపోయింది. బావా బావమరుదులు ప్లాట్‌ఫాం అంచున కూలబడ్డారు.

“రేపు కూడా మాతో ఇట్టాగే చేయిస్తావా?” అన్నాడు మార్క్.

“మూలదాకా పేరిస్తే చేయించను,” అని తాత గుసగుసగా అన్నాడు.

“పేర్చం.”

“తెలుసు.”

తాత లేవబోయి, లేవలేక చెయ్యి చాపాడు. మార్క్ గొణుక్కుంటూనే పట్టుకుని లేపాడు.