జోలీన్ పేరు మీద దీవెన

టోంగాలోని ఆ చిన్న దీవికి వచ్చి ఏడాది దాటేసరికి లారూ టింగీకి అబద్ధం అలవాటైపోయింది. వారం వారం చర్చి సంఘం పెద్దకు రాసే ఉత్తరంలో 'ఇద్దరం కులాసా' అని రాసేది. ఆవిడ వరకు అది నిజమే. భర్త ఆర్వల్‌కే మతి నిలవడం లేదు.

వాళ్ళది అమెరికాలో యూటా. ఆర్వల్ బతుకంతా టర్కీ కోళ్ళు పెంచాడు. ముసలితనంలో భార్యాభర్తలు కలిసి పద్దెనిమిది నెలలు పరదేశంలో సేవ చేసి రావడం వాళ్ళ సంఘంలో పెద్ద గౌరవం. మధ్యలో తిరిగొస్తే ఎవరూ ఏమీ అనరు. ఆ అనకపోవడమే చంపుకు తింటుంది. ఇంకా ఐదు నెలలు ఎలాగో నెట్టుకొస్తే చాలనుకుంది లారూ. సేవలో ఉన్న జంట ఒకరినొకరు విడిచి తిరగకూడదన్న నియమం ఆవిడకు కలిసొచ్చింది. ఆయన పక్కనే ఉండి, ఎదురొచ్చినవాళ్ళ పేర్లు చెవిలో ఊదేది.

"నా కళ్ళద్దాలేవే?"

"ముక్కు మీదున్నవి ఎవరివయ్యా, పక్కింటాయనవా?"

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. నవ్వుతున్నంతసేపూ లారూకి భయం వేసేది కాదు.

ఒక మంగళవారం పొద్దున్నే పొరుగింటి కలోలైనే పరుగున వచ్చింది.

"తాతగారూ, మా పాప లూపేకి మూడు రోజులుగా జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది, మెడ తిప్పలేకపోతోంది. పదింటి పడవలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తా. ముందు మీరొచ్చి దీవించండి."

ఆర్వల్ తాళాలగుత్తికి చిన్న నూనెసీసా ఎప్పుడూ వేలాడుతుంటుంది. రోగి నెత్తిన ఒక చుక్క వేసి, రెండు చేతులూ ఆనించి, పేరు పలికి దీవెన మొదలుపెట్టాలి. లారూ చాప మీద పక్కనే కూర్చుని, "లూపే... లూపే" అని గుసగుసగా అందించింది. ఆయన తలూపి కళ్ళు మూసుకున్నాడు.

"జోలీన్ టింగీ," అన్నాడు.

జోలీన్ వాళ్ళ కూతురు. యాభై ఏళ్ళ కిందట, ఏడేళ్ళప్పుడు, ఇలాంటి జ్వరంతోనే పోయింది.

"నీకేం కాదమ్మా. సాయంత్రానికి లేచి కూర్చుంటావు. నిన్నెక్కడికీ తీసుకెళ్ళక్కర్లేదు."

దీవెనలో వచ్చిన మాట మనిషిది కాదు, దేవుడిదని ఆ గదిలో అందరూ నమ్ముతారు. 'ఆయనకి మతి లేదు, నువ్వు పడవెక్కు' అని లారూ ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే మర్నాడే ఇద్దరినీ ఇంటికి పంపేస్తారు. ఆవిడ అనలేదు. దేవుడే పలికించాడేమో అని సర్దిచెప్పుకుని, దానికి భక్తి అని పేరు పెట్టుకుంది. భక్తీ కాదు, పాడూ కాదు, ఉట్టి పిరికితనం.

కలోలైనే కట్టిన మూట విప్పేసింది. పడవ వెళ్ళిపోయింది. పొద్దు వాలకముందే లూపే ప్రాణం పోయింది.

ఖననం అయ్యాక, అక్కడి సంతాపపు ఆచారం ప్రకారం నల్లబట్టల మీద నడుముకి పాత చాప చుట్టుకుని కలోలైనే వచ్చింది. దైవసేవకులకు కానుక ఇవ్వాలిగా. లూపే పెళ్ళికని నాయనమ్మ అల్లి దాచిన సన్నచాప తెచ్చి లారూ ముందు పరిచింది.

"మాకొద్దు తల్లీ."

"ఇవ్వకపోతే ఎట్లా అమ్మమ్మా? ఒక్కటి చెప్పండి. జోలీన్ ఎవరు?"

"మా అమ్మాయి. చిన్నప్పుడే పోయింది."

"పేరు తప్పని అప్పుడే తెలిసింది నాకు. పెద్దాయన్ని సరిదిద్దడం మర్యాద కాదని ఊరుకున్నా. అందుకే దీవెన నా బిడ్డకి తగల్లేదు. నాదే తప్పు."

లారూ ఊరుకుంటే అది అలాగే ఉండిపోయేది. ఈసారి మాత్రం ఊరుకోలేకపోయింది.

"నీది కాదమ్మా. ఆయనకి మతి నిలవట్లేదు. ఏడాదిగా నాకు తెలుసు. పంపించేస్తారని దాచాను."

"తెలిసి కూడా పడవెక్కమనలేదా మీరు?"

"అనలేదు."

ఆ దీవిలో ఇచ్చిన కానుక వెనక్కి తీసుకున్నవాళ్ళు లేరు. కలోలైనే వంగి చాప చుట్టసాగింది.

అలికిడి విని ఆర్వల్ లోపలినుంచి వచ్చాడు. కలోలైనేని చూసి ఆయన మొహం విప్పారింది.

"లూపే లేచి కూర్చుందామ్మా?" అన్నాడు. ఈసారి పేరు సరిగ్గానే చెప్పాడు.