రెండో గడిలో ఎర్ర పెన్ను

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. కడపలో మా వీధిలో ఒక ఇంటికి ఏళ్ళ తరబడి ఎవరూ అద్దెకు రాలేదు, లోపల ఏదో ఉందని. నేను ఐటీఐ పరీక్షలకు ఆ ఇంటి వరండాలోనే కూర్చుని చదువుకున్నాను. గోల లేని చోటు మా వీధిలో అదొక్కటే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు రాయబోయేది ఎవరినీ భయపెట్టడానికి కాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. దీనికి అర్థం మీకెవరికైనా తోస్తే మంచిదే, నాకైతే ఇన్నేళ్ళయినా తోచలేదు.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆడదాన్నయినా సర్టిఫికెట్ మీద అట్లే రాసిచ్చారు. కర్నూలులో ఓబులేసు సారు దగ్గర ఏడేళ్ళు పనిచేశాను. ఇళ్ళు, బడులు, గోడౌన్లు, చర్చిలు, ఏది కట్టాలన్నా ప్లాన్లు గీసిచ్చేవాళ్ళం. ఆఫీసంటే ఒక గది, ఒక కంప్యూటరు, ఒక పెన్ ప్లాటరు. ఈ ప్లాటరు గురించి కొంచెం చెప్పాలి. అది ఇప్పటి ప్రింటర్ల మాదిరి కాదు. ఒక పక్కన ఎనిమిది గడులుంటాయి, గడికొక పెన్ను. దాని చెయ్యి పోయి పెన్ను తీసుకుని వచ్చి, మనిషి గీసినట్టే కాగితం మీద గీస్తుంది. మళ్ళీ తీసుకుపోయి ఆ గడిలోనే పెడుతుంది.

సారుకు ఒక అలవాటు ఉండేది. ఏ ఊళ్ళో పని వచ్చినా, టేపు బయటికి తీయకముందే ఆ ఊళ్ళో అందరికంటే వయసైనవాళ్ళెవరో కనుక్కునేవాడు. వాళ్ళ అరుగు మీద కూర్చుని, ఆ జాగాలో ముందు ఏముండేదో అడిగేవాడు. పాతరల కోసం ఆ అడగడం. ఆలూరు వైపు పల్లెల్లో ఒకప్పుడు జొన్నలు భూమిలోనే పాతర వేసేవాళ్ళు. పైన మనిషి దూరేంత నోరు, లోపల గాదె అంత కడుపు. కాలం మారి ఆ పద్ధతి పోయాక, నోటి మీద బండ వేసి మన్ను కప్పి మరిచిపోయారు. పైకి చూస్తే చదునైన నేలే. తెలియక అక్కడ గుంత తవ్వితే బండ విరిగి, తవ్వేవాడు లోపలికి పోతాడు. పడ్డ దెబ్బకు బతికినా లోపల మురిగిన గాలికి బతకడు. అందుకే పాతర తెరిస్తే ముందు తాడు కట్టి దీపం దించాలని, అది ఆరకుండా ఉంటేనే మనిషి దిగాలని అక్కడి కట్టుబాటు.

పాతర ఉందని తెలిస్తే సారు ప్లానులో ఎర్రగా సున్నా గీసి, అందులో అడ్డం నిలువు గీతలు కొట్టి, పక్కన ‘పా’ అని రాసేవాడు. ఆ ఎరుపు కోసమే రెండో గడిలో ఎర్ర పెన్ను. జిల్లాలో చదువు రాని మేస్త్రీలు కూడా దాన్ని ‘సారు గుర్తు’ అని పోల్చుకునేవాళ్ళు.

నాకు ఇదంతా చాదస్తంగా ఉండేది. టేపుకు తెలియనిది ముసలమ్మకేం తెలుస్తుంది సార్ అని ఎగతాళి చేసేదాన్ని. ఆయనకు కోపం వచ్చేది కాదు.

“ఉండేదాన్ని టేపు కొలుస్తాది పాపా. ఉండిందాన్ని ముసలోళ్ళే చెప్పాల” అనేవాడు.

ఒక ఎండాకాలం గుండెనొప్పి వచ్చి సారు పోయాడు. ఆయన భార్య ఆఫీసు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. సారు పోయిన కొన్ని నెలలకే ఓల్టేజి ఎక్కువై ఆయన కంప్యూటరు పొగలు కక్కింది. హార్డ్ డిస్కు మాత్రం బతికింది. కొత్త కంప్యూటరు కొన్నాను గానీ సారు వాడిన పాత డ్రాయింగ్ సాఫ్ట్‌వేరు అందులో ఎక్కనంటే ఎక్కనంది. ప్లాటరేమో ఆ పాత సాఫ్ట్‌వేరు మాట తప్ప ఇంకొకరి మాట వినదు. రెండు వారాలు చేతులు కట్టుకుని కూర్చున్నాను.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు సెలవుకు వచ్చినప్పుడు దారి చూపించాడు. కొత్త కంప్యూటరు లోపల ఉత్తుత్తి కంప్యూటరు ఒకటి తయారుచేశాడు. వర్చువల్ మెషిన్ అంటారట. సారు డిస్కులో ఉన్నదంతా ఉన్నదున్నట్టు ఎత్తి అందులో పెట్టాడు. తెర మీద ఒక కిటికీ తెరుచుకుంది. ఆ కిటికీలో సారు కంప్యూటరు, సారు పెట్టుకున్న కొండారెడ్డి బురుజు ఫొటో, సారు పేర్చుకున్న వరసలోనే ఫైళ్ళు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. కొత్త తారీఖు చూస్తే ఆ సాఫ్ట్‌వేరు మొరాయించేది. అందుకని తమ్ముడు లోపలి గడియారాన్ని వెనక్కి తిప్పి, ఎప్పుడు తెరిచినా ఒకే పాత తారీఖు నుంచి మొదలయ్యేలా పెట్టాడు. అది సారు బతికి ఉన్న ఏడాది. అప్పుడు నేను ఆ సంగతి పట్టించుకోలేదు.

సారు పోయిన రెండేళ్ళకు ఆలూరు దగ్గర పల్లె నుంచి జీవరత్నం అయ్యగారు వచ్చారు. అక్కడి చర్చికి పాస్టరు. కూలి పనులు చేసుకునే జనం, చర్చి పక్కన ఒక హాలు కట్టుకోవాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నారు. ఆదివారం శంకుస్థాపన, ఆలోగా ప్లాను కావాలి. కొలతలు ఆయనే కాగితం మీద రాసుకొచ్చారు. నేను పోవాల్సింది. బస్సులో మూడు గంటలు, ఆ పైన ఎండ. కొలతలు ఉన్నాయి కదా అనుకున్నాను. ఊళ్ళో పెద్దవాళ్ళను ఎవరినైనా అడిగారా అని ఆయన్ను ఒక్క మాట అడిగినా సరిపోయేది. అదీ అడగలేదు. తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నాను.

సారు కిటికీ తెరిచి, పన్నెండు స్తంభాల హాలు గీశాను. శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు ప్లాటరుకు ఇచ్చాను. అయ్యగారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు, ఒంటిగంట బస్సుకు పోవాలి. ప్లాటరు నల్ల పెన్నుతో గోడలు, స్తంభాలు, తలుపులు గీసింది. పని పూర్తయినట్టు తెర మీద వచ్చింది. చెయ్యి నల్ల పెన్నును తీసుకుపోయి మొదటి గడిలో పెట్టింది. నేను కాగితం తీయడానికి లేచాను.

చెయ్యి రెండో గడికి జరిగింది.

ఆ గడిలో ఎర్ర పెన్ను సారు కాలానిది. ఆయన పోయాక ఒకసారి గీసి చూశాను. గోటితో గీరినట్టు పడింది తప్ప రంగు లేదు, ఎప్పుడో ఎండిపోయింది. పారేయడానికి మనసొప్పక అట్లే ఉంచాను. నా ప్లానులో ఎరుపన్నదే లేదు. అయినా ప్లాటరు ఆ పెన్ను తీసుకుని వచ్చింది. తూర్పు వరసలో అయిదో స్తంభం మీద ఆగింది. నిదానంగా సున్నా చుట్టింది. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. పక్కన ‘పా’. తడితడిగా, మంచి ఎరుపు. తర్వాత పెన్నును తీసుకుపోయి గడిలో పెట్టి ఊరుకుంది.

భయం వేయలేదు. బళ్ళో లెక్క తప్పు చేస్తుంటే అయ్యవారు వెనక నిలబడి చూస్తున్నట్టుంటుందే, అట్లా అనిపించింది. 

ఆ తర్వాత నా తెలివి అడ్డం వచ్చింది. పాత డిస్కు కదా, సారు ఏదో పాత ప్లానులోని గుర్తు ఇందులోకి దూరిందని సర్దిచెప్పుకున్నాను. ఇంకొకటి తీద్దామంటే అంతలో కరెంటు పోయింది. దాని మీద వైట్‌నర్ పూశాను. ఆరేలోపే ఎరుపు పైకి తేలింది. అయ్యగారు చూసి ఇదేందమ్మా అన్నారు.

“మెషిన్ తప్పు అయ్యగారూ, పట్టించుకోవద్దు” అన్నాను.

ఆయన కాగితం చుట్టుకుని వెళ్ళిపోయారు. ఆ రాత్రి, మర్నాడు, ఆదివారం కూడా నాకు అన్నం సరిగ్గా సయించలేదు. ఫోన్ చేద్దామనుకోవడం, ఏం చెప్పాలో తెలియక మానుకోవడం. మెషిన్ తప్పు అన్నది నేనే, ఇప్పుడు కాదని ఏ మొహంతో చెప్పను?

సోమవారం పొద్దున ఫోన్ మోగింది. మేస్త్రీ మస్తాన్. ఎప్పుడో సారు గీసిన బడి ఒకటి కట్టినవాడు.

“అమ్మా, మస్తాన్‌ను మాట్లాడతాండా. సారు ఉండాడా ఆఫీసులో?”

“సారు పోయి రెండేళ్ళయింది మస్తానన్నా. నీకు తెలీదా?”



“మరి ఈ గుర్తు ఎవురు పెట్టిరి?” అన్నాడు. “మీరొకసారి రాండమ్మా” అని ఫోన్ పెట్టేశాడు.

దొరికిన బస్సు ఎక్కి పోయాను. చర్చి పక్కన ఊరంతా నిలబడి ఉంది. మధ్యలో నేలలో ఒక నల్లటి నోరు. పక్కన జరిపి పెట్టిన బండ నట్టనడిమికి పగులుబారి ఉంది.

జరిగింది మస్తాన్ చెప్పాడు. అయిదో స్తంభం గుంత తవ్వాల్సింది అతని తమ్ముడు వలీ, వలీ భార్య. వలీ గడ్డపార ఎత్తబోతుంటే మస్తాన్ కాగితం చూసి చెయ్యి పట్టుకుని లాగాడు. అది మెషిన్ తప్పని నేనే అన్నానని అయ్యగారు చెప్పారు. ఎండ ముదురుతోంది, తవ్వమన్నారు. మస్తాన్ ఒప్పుకోలేదు.

“మెషిన్ తప్పు చేస్తాదేమో గానీ సారు చేయడయ్యా అంటి” అన్నాడు నాతో. “దూరం నిలబడి గడ్డపార ఏస్తిమి. మూడడుగులకు బండ తగిలె. పక్క నుంచి మోకులేసి లేపితిమి.”

నా ఎదురుగా మళ్ళీ లాంతరు దించారు. నిలువెత్తు లోతు పోయేసరికి మంట చిన్నదై ఆరిపోయింది. మూడుసార్లు దించారు, మూడుసార్లూ ఆరింది. వలీ ఒక పక్కన కూర్చుని ఉన్నాడు, గడ్డపార ఇంకా ఒళ్ళోనే ఉంది. అతని భార్య నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఆ గుర్తు పెట్టింది నేననుకుంది. ఆ చేతులు విడిపించుకోలేక, నిజం చెప్పలేక నేను పడ్డ సిగ్గు ఇంతా అంతా కాదు. చివరికి చెప్పాను, అందరి ముందూ. గీసింది నేను కాదని, పైగా దాన్ని చెరపబోయానని.

 అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. మస్తాన్ తనలో తాను దువా చదువుకున్నాడు. నేను చర్చి తూర్పు గోడ నుంచి టేపు పట్టి చూశాను. కాగితం మీద సున్నా ఎక్కడుందో, నేలలో పాతర నోరు సరిగ్గా అక్కడే ఉంది. అంగుళం తేడా కూడా లేదు.

జనంలో నింగమ్మ అని ఒక ముసలామె ఉంది. నడుము పూర్తిగా వంగిపోయింది. మా అత్త కాలంలో ఈడనే జొన్నలు పాతర ఏస్తాండిరి అంది. నీకు తెలిసి కూడా ఎందుకు చెప్పలేదవ్వా అని ఎవరో కసిరారు.

“నన్నెవురు అడిగిరి?” అంది ఆమె.

ఆ మాట నన్ను చూసి అనలేదు. అయినా అది నాకు తగలాల్సిన చోటే తగిలింది.

కర్నూలు తిరిగి వచ్చాక ఆ ప్లాను తెరిచి చూశాను. సున్నా లేదు. ప్లానులో కనపడకుండా దాచే పొరలుంటాయి, అవన్నీ తెరిచాను, లేదు. సారు పాత ఫైళ్ళన్నీ వెతికాను, ఆయన పనుల రిజిస్టరు మొదటి పేజీ నుంచి చూశాను. ఆ ఊరి పేరే ఎక్కడా లేదు. ప్లాటరు జ్ఞాపకంలో పాత బొమ్మ మిగిలి ఉంటుందని తమ్ముడన్నాడు. కావచ్చు. కానీ నేను దాన్ని రోజూ ఆపేస్తాను, ఆపితే అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది. మిగిలినా, అంగుళం తప్పకుండా ఆ స్తంభం మీదే ఎట్లా పడింది? ఎర్ర పెన్ను తీసి కాగితం మీద గీశాను. గోటి గీత పడింది, రంగు లేదు. ఫైలు మీద తారీఖు మాత్రం ఉంది, సారు బతికి ఉన్న ఏడాదిది. అది ఎందుకట్లా ఉందో నాకు తెలుసు, మా తమ్ముడే పెట్టాడు. తెలిసి కూడా చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

పాతరను రాళ్ళతో పూడ్చి, స్తంభం మూడడుగులు జరిపి హాలు కట్టారు. ఆ కాగితాన్ని మస్తాన్ అడిగి తీసుకున్నాడు. వైట్‌నర్ పొలుసులుగా రాలిపోయిందట, ఎరుపు అట్లే ఉందట.

ఇప్పుడు నా దగ్గర కొత్త సాఫ్ట్‌వేరు, కొత్త ప్రింటరు ఉన్నాయి. అయినా సారు కిటికీ తీసేయలేదు, ప్లాటరునూ తీసేయలేదు. రెండో గడిలో కొత్త ఎర్ర పెన్ను పెట్టాను. ఎండిపోకముందే మారుస్తుంటాను. ఏ ఊరి పని వచ్చినా ముందు అక్కడి ముసలివాళ్ళ అరుగు వెతుక్కుంటాను. ఆ సోమవారం తర్వాత, అడగకుండా నేను ఒక్క గీతా గీయలేదు. ఆ పెన్నూ మళ్ళీ తనంతట తాను కదల్లేదు. ఈ రెంటికీ సంబంధం ఉందో లేదో నేను చెప్పలేను.