నిన్నటి నీరు

పోయినవాటితో మొదలుపెడతాను. లెక్క కట్టడం తప్ప నాకు వేరే విద్య రాదు. ఒక చెరువు రొయ్య, ఇంకొన్ని రోజుల్లో పట్టుబడి, అంటే చెరువు ఖాళీ చేసి రొయ్య పట్టి అమ్మడం, ఉండగా. ఆ చెరువు కౌలుకు చేస్తున్న మనిషి సేద్యం. ఒక ఆడమనిషి ఉద్యోగం. ఆమె మంచిపేరు. అన్నిటికంటే పెద్దది, తన కళ్ళ మీద ఆమెకున్న నమ్మకం. నా నిద్ర కూడా పోయిందని రాస్తే మీకు నా మీద కాస్త జాలి కలుగుతుంది. పోలేదు. ఇన్నేళ్ళూ హాయిగానే పడుకున్నాను. మోస్తున్న బరువు తెలిసేది పగటిపూట, ఎవరైనా నన్ను మెచ్చుకున్నప్పుడు. అందుకే నా మీద నాకు ఇంత కోపం.

నేను చదివింది ఇంటర్. రైస్‌మిల్లులో లెక్కలు రాస్తూ, అక్కడికి కంప్యూటర్ వచ్చాక ప్రోగ్రాములు రాయడం నాకు నేనే నేర్చుకున్నాను. భీమవరం వైపు మా పంట బోదె మీద, అంటే పొలాలకు నీరిచ్చే పిల్లకాలువ మీద, రొయ్యల చెరువులున్న రైతులు ఒక సంఘం పెట్టుకుంటే, వాళ్ళకొక ప్రోగ్రాం రాసిచ్చాను. పై చెరువు వదిలిన నీరు బోదెలో కలుస్తుంది. అదే నీటిని కింది చెరువు తోడుకుంటుంది. అందులో అమోనియా ఎక్కువైతే రొయ్య చస్తుంది. ఈ రోజు ఎవరు తోడవచ్చు, ఎవరు ఆగాలి అన్నది లెక్క కట్టి ఫోన్లకు పంపడం నా ప్రోగ్రాం పని. సత్యవతి గారని ఒకావిడ రోజూ పొద్దున్నే చెరువుల తూముల దగ్గర నీరు పరీక్షించి, అంకెలు ఫోన్లో పంపేవారు.

లెక్క కూడా బోదెలాగే నడిచేది. మొదటి చెరువు తేలితేనే రెండోది, రెండోది తేలితేనే మూడోది. గాలి ఇలా ఉంటే, ఎండ అలా ఉంటే అని ఒక్కోదానికీ వందలసార్లు కట్టాలి. జవాబు వచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది. అప్పటికే మోటార్లు వేసేసేవారు.

సంఘం ప్రెసిడెంటు రాజుగారు రెండు మూడు ఇంజనీరింగ్ కాలేజీలతో మాట్లాడి, లాబుల్లో ఖాళీగా ఉన్న కంప్యూటర్లు ఇప్పించారు. వాటన్నిటినీ నెట్ మీద కలిపి, ఒకే పనిని ముక్కలు చేసి పంచి, అన్నిటి చేతా ఒకేసారి చేయించాలి. దాన్నే గ్రిడ్ అంటారు. ముక్కలు ఎక్కడ చెయ్యాలన్నదే అసలు సంగతి. సరైన దారి ఒకటుంది. గాలి, ఎండల ఊహలను యంత్రాలకు పంచి, ప్రతి యంత్రం చేతా బోదెను పైనుంచి కిందికి వరసగా నడిపించాలి. కానీ దానికి ప్రోగ్రాం మొత్తం తిరగరాయాలి. నేను చెరువులనే పంచేశాను. తలా పది. ఏ చెరువు అంకెలు ఆ చెరువున్న యంత్రానికే వెళ్తాయి.

అక్కడ బోదె తెగింది. రెండో యంత్రంలోని మొదటి చెరువుకు, మొదటి యంత్రంలోని ఆఖరి చెరువు అంకె కావాలి. ఆ యంత్రం తన లెక్క ముగిస్తే గాని అది అందదు. అందేదాకా ఆగితే వేగం రాదు. అందుకని ఒక్క లైను రాశాను. పై చెరువు అంకె ఇంకా అందకపోతే నిన్నటిది తీసుకో, అని.

నీటి వంతు తప్పించినవాణ్ణి మా వైపు గట్టు మీదే నిలదీస్తారు. వంతు అంటే ఏమిటో పుట్టినప్పటి నుంచీ ఎరిగినవాణ్ణి, నీటికున్న వంతునే పీకి పారేశాను. తెలియక చేశానా? కాదు. రాస్తుంటే వేలు ఆగింది. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం తేడా ఉంటుందిలే అనుకున్నాను. మామూలు రోజుల్లో ఉండదు. పరీక్షకు మామూలు రోజులనే ఏరుకున్నాను. కాలేజీ లెక్చరర్ల ముందు, డిగ్రీ లేనివాడు గంటల పనిని అరగంటలో తేల్చాడని అనిపించుకోవాలి, అంతే. అనిపించుకున్నాను.

తర్వాత ఒక రోజు రొయ్యలు కొనేవాళ్ళ లారీ అనుకున్న రోజుకంటే ముందే, చీకటితోనే వచ్చింది. సరిగ్గా నా లెక్కలో బోదె తెగినచోట పైనున్న చెరువుకు అప్పటికప్పుడు పట్టుబడి పెట్టారు. అడుగు బురదతో సహా నీరంతా బోదెలోకి వదిలారు. కింది చెరువు కౌలుదారు ఫోన్‌కు "తోడవచ్చు" అని వెళ్ళింది. తోడాడు. మర్నాటికి రొయ్యలన్నీ గట్టు వార చచ్చిపడున్నాయి.

సంఘం ఆఫీసులో నా స్క్రీన్ చుట్టూ చేరారు. పై చెరువుకు ఎదురుగా అమోనియా 0.2 అని ఉంది. మంచినీటి అంకె.

"పట్టుబడి జరుగుతుంటే పాయింట్ రెండేంటమ్మా? వెళ్ళకుండా నిన్నటిదే కొట్టేశావా?" అన్నారు రాజుగారు.

"అయ్యబాబోయ్, వెళ్ళానండి! మోకాలి దాకా బురదండి. ఆ కంపుకి ముక్కు మూసుకుని మరీ పంపానండి," అన్నారు సత్యవతి గారు.

"ఇంట్లో కాఫీ తాగుతా పంపుంటారులెండి. కాఫీ కంపు కొట్టదుగా," అన్నారు వెనకనుంచి ఎవరో. అందరూ నవ్వారు.

ఆవిడ నా వైపు తిరిగారు. "మాస్టారూ, మీరు చెప్పండి. నేను పంపింది ఆ పెట్టెలో ఉంటది కదండీ?"

ఉంది. అది మొదటి యంత్రంలో ఉంది. స్క్రీన్ మీదున్నది రెండో యంత్రం వాడుకున్న నిన్నటిది. నాకు చూడగానే అర్థమైంది.

"కంప్యూటర్ దానంతట అది అంకెలు పుట్టించదమ్మా," అన్నాను. "అందిందే చూపిస్తుంది."

ఇది అబద్ధం కాదని అప్పుడు సర్దిచెప్పుకున్నాను. అందింది నిన్నటిదే కదా? ఛీ! వెళ్ళి చూడకుండా నిన్నటి అంకె వేసిందని ఏ పనికి ఆమెను నిందించారో, సరిగ్గా ఆ పని చేసింది నా లైను. ఆమె మోకాలి లోతు బురదలో నిలబడింది. చూడకుండా నిన్నటిది వేసింది నేను. నవ్వినవాళ్ళ మీద నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళకు ఆ నవ్వు అందించిందెవరు?

ఆవిణ్ణి ఆ రోజే పనిలోంచి తీసేశారు. నేను ఆ తర్వాత తలుపు వేసుకుని, ఆవిడ పంపిన అంకెలతో అదే రోజు లెక్కను ఒక్క యంత్రం మీద వరసగా నడిపించాను. కింది చెరువుకు "ఆగు" అని వచ్చింది. ఆ లైను తీసేసి, అంతా సరైన పద్ధతిలో తిరగరాశాను. పని ఇప్పుడింకా మెరుగైందని సంఘంవాళ్ళు శాలువా కప్పారు. కప్పించుకున్నాను. ఆ శాలువా తలుచుకుంటే ఇవాళ్టికీ భుజాలు కాలుతాయి.

కౌలుదారు మళ్ళీ చెరువు చెయ్యలేదు. సత్యవతి గారు ఆత్రేయపురంలో అక్కగారింటికి వెళ్ళి పూతరేకులు తీస్తున్నారు. మొన్నీమధ్య వాళ్ళ దుకాణం ముందు నేను ఆగాను. చెప్పేద్దామనే ఆగానా, చెప్పకుండా చూసొద్దామనా? తెలియదు. కుండ మీంచి రేకు తీస్తూ ఆవిడే పలకరించారు.

"బాగున్నారా మాస్టారూ? ఆ రోజు నా కళ్ళే మసకేశాయేమోనండి. మీరు చెప్పారంటే నిజమే అయ్యుంటది."

తిట్టి ఉంటే నిలబడేవాణ్ణేమో. పూతరేకుల పొట్లం ఒకటి కొని, పట్టుకుని వచ్చేశాను.

ఇందులో ఆవిడ పేరు మార్చాను, నా పేరు దాచాను. చూశారా, ఇక్కడ కూడా నన్ను నేను కాపాడుకుంటూనే ఉన్నాను. రేపు వెళ్ళి చెబుతానని రాయను. అలాంటి మాటలు ఇదివరకు నాకు నేనే చాలా ఇచ్చుకున్నాను. రాశాక గుండె కొంత తేలికైన మాట నిజం. అది నాకు మిగిలిన లాభం, ఆవిడకు చేరింది ఏమీ లేదు. ఆ ఉదయం ఆవిడ కళ్ళు మసకేయలేదు. బురదలో నిలబడి చూసింది, పంపింది, ఇప్పటికీ నేను ఆవిడకు బాకీ ఉన్నది ఒకే అంకె.

1.8.