‘తకిట’లో ‘కి’ మింగడం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. పని బాగా చేసేవాడి ఉద్యోగమైనా ఊడుతుందేమో గానీ, మేనేజరుకి కావలసినవాడి ఉద్యోగం మాత్రం ఊడదని. 2008లో సంగతి. డెట్రాయిట్ పక్కనున్న నోవైలో కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాసే ఒక కంపెనీలో హెచ్-వన్ వీసా మీద కాంట్రాక్టరుగా ఉన్నాను. కార్లు అమ్ముడుపోవడం లేదు. వారానికో సీటు ఖాళీ అవుతోంది. మా అమెరికన్ మేనేజరుని మేం నలుగురు తెలుగువాళ్ళం ‘పెదనాన్న’ అనేవాళ్ళం (ఎదురుగా ఉన్నా ఆయన గురించి మాట్లాడుకోవచ్చని). పెదనాన్న శాక్సఫోన్ వాయిస్తాడు, ఆఫీసువాళ్ళతో చిన్న జాజ్ బ్యాండు నడుపుతాడు. ఓ రోజు లంచ్‌లో, తమ డ్రమ్మర్ రిటైరై వెళ్ళిపోయాడని ఆయన దిగులుపడుతుంటే నా నోరు ఊరుకోలేదు. “ఐ ప్లే డ్రమ్స్” అనేశాను. నేను వాయించింది మృదంగం. అదీ తెనాలిలో పదో తరగతి దాకా, అదీ మా అమ్మ పోరు పడలేక. పెదనాన్న నా భుజం తట్టి, డిసెంబరులో ఆఫీసు పార్టీ ఉందన్నాడు. ఆ సాయంత్రమే డ్రమ్స్ నేర్పేవాళ్ళ కోసం వెతుక్కున్నాను.

దొరికినాయన డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన నల్లజాతి పెద్దమనిషి. నేను ఆయన్ని మాస్టారనే అనుకునేవాణ్ణి. శనివారం పొద్దున్నే ఆయన బేస్‌మెంట్‌లో క్లాసు. మొదటిరోజే సింబల్ అనే పెద్ద తాళం రేకు మీద కర్రతో చూపించారు, “టింగ్, టింగ్ టి టింగ్, టింగ్ టి” అని. ఒక్కో దెబ్బనీ మూడు ముక్కలుగా లోపల లెక్కపెట్టుకోవాలట. ఓస్, ఇంతేనా అనుకున్నాను. ఇది మన తిశ్రమే కదా, తకిట తకిట. మూడూ గలగలా వాయించి, మెచ్చుకుంటారని చూశాను. ఆయన కర్ర పక్కన పెట్టి, “మధ్యది ఎందుకు కొట్టావు?” అన్నారు. “అదీ లెక్కలో ఉంది కదా సార్.” “లెక్కలో ఉంటుంది. మనసులో అనుకో, చేత్తో కొట్టకు.” అంటే త, ట మాత్రమే పలకాలి, కి మింగెయ్యాలి. పదేళ్ళ వయసు నుంచి ‘కి’ ఎగ్గొడితే వేళ్ళ మీద దెబ్బ తిన్నవాణ్ణి, ఎలా మింగడం? మింగబోతే మూడోదీ దానితో పాటే పోయేది. మిగిలింది గోడకి మేకు కొడుతున్నట్టు ఉండేది.

ఇంట్లో దిండు మీద సాధన. మా రూమ్మేట్‌ది కరీంనగర్. నెల రోజులు ఓపిక పట్టి ఒకనాడు, “అరేయ్, నువ్వు గా దిండును ఎందుకు కొడుతున్నవ్? ఏం తప్పు జేసింది?” అన్నాడు. జాజ్ అని చెప్పాను. “జాబ్ కోసం జాజా? దానికన్న రెజ్యూమె అప్‌డేట్ చేసుకోరాదు” అన్నాడు. మాస్టారూ ఒకసారి అడిగారు, ఎవరి కోసం నేర్చుకుంటున్నావని. దాచకుండా మా బాస్ కోసమన్నాను. ఆయన నవ్వలేదు. “మా ఫోర్‌మన్‌కి కూడా నా డ్రమ్స్ అంటే చాలా ఇష్టం” అని ఊరుకున్నారు. తరవాత ఏమైందో నేను అడగలేదు.

పార్టీలో వాయించాను. మేకులు కొట్టాననే చెప్పాలి. ఉత్సాహం కొద్దీ వేగం పెంచేస్తే పెదనాన్న శాక్సఫోన్‌తో నా వెనక పరుగెత్తాల్సి వచ్చింది. అయినా చప్పట్లు కొట్టారు. పని అయిపోయిందనుకుని శనివారాల క్లాసు మానేశాను. “పార్టీ ఎలా జరిగింది?” అని మాస్టారు రెండుసార్లు వాయిస్ మెయిల్ పెట్టారు. తిరిగి ఫోన్ చేయలేదు. చేస్తే మళ్ళీ రమ్మంటారని.

ఫిబ్రవరిలో పెదనాన్న నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నా కాంట్రాక్టు ఆ శుక్రవారంతో ఆఖరు. “నా చేతుల్లో ఏమీ లేదు” అన్నాడు. నేను తలూపాను. ఉద్యోగం పోయిన మర్నాటి నుంచే ఈ దేశంలో ఉండటానికి నాకు వీసా స్టేటస్ ఉండదన్న సంగతి ఆయనకి తెలుసో లేదో మరి. నేను లేవబోతుంటే, “ఒక్క మాట. ఆదివారం రిహార్సల్‌కి వస్తావు కదా? ఇంకో డ్రమ్మర్ దొరికేదాకా” అన్నాడు. వస్తానన్నాను. (ఎందుకన్నావని రూమ్మేట్ అడిగాడు. రిఫరెన్స్ ఇస్తాడని, అన్నాను. “నువ్వు బాగుపడవు” అన్నాడు. ఆ మాట నిజమేనని నాకూ అనిపించింది.)

ఆదివారం మధ్యాహ్నం ఆఫీసు కెఫెటీరియాలో రిహార్సల్. శుక్రవారమే బ్యాడ్జి ఇచ్చేశాను కాబట్టి సెక్యూరిటీ అతను నన్ను విజిటర్‌గా రాసుకుని లోపలికి పంపాడు. కూర్చున్నాను. ఎవరినీ మెప్పించాలని లేదు. ఒళ్ళు మండుతూనే కర్రలు అందుకుని మొదలెట్టాను. ‘కి’ ఎక్కడ మింగానో నాకే తెలియదు. రేకు ఊగుతోంది, దానితో పాటే బేస్ గిటారతను తల ఊపుతున్నాడు, పెదనాన్న కళ్ళు మూసుకుని తీరుబడిగా వాయిస్తున్నాడు. పాట అయ్యాక పెదనాన్న నా వైపు తిరిగి, “ఇన్నాళ్ళూ ఎక్కడున్నావయ్యా నువ్వు?” అన్నాడు.

మీ గది పక్క క్యూబికల్‌లోనే ఉన్నానండీ, అనాలి. ఆ జవాబు నాకు మూడేళ్ళ తరవాత, ఇంకో ఊళ్ళో, ఇంకో ఉద్యోగంలో, లిఫ్ట్‌లో ఉండగా తట్టింది. ఆ రోజు “థాంక్యూ” అన్నాను. మాస్టారికి ఫోన్ చేసి వచ్చేసిందని చెప్పాలనిపించి నంబరు దాకా వెళ్ళాను. రెండు నెలలు తిరిగి ఫోన్ చేయనివాణ్ణి, ఏ మొహం పెట్టుకుని మాట్లాడను? ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను. డ్రమ్స్ విప్పి, ఒక్కొక్కటే మోసుకెళ్ళి పెదనాన్న కారులో సర్దాను. మంచు పడుతోంది. ఆయన అద్దం దించి “టేక్ కేర్” అన్నాడు.

ఇప్పుడు అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే తిట్టాలనిపించదు. గ్లోవ్స్ లోపలే మరిచిపోయి, మళ్ళీ వెళ్ళడానికి బ్యాడ్జి లేక, కారు మలుపు తిరిగేదాకా ఆ పిచ్చివెధవ నవ్వుతూ చెయ్యి ఊపాడు.