బాలమల్లు మామ ఆపిన సినిమా

బాలమల్లు మామ ఏ సినిమానూ ఆపకుండా చూపించిన పాపాన పోలేదు.

విమానాశ్రయం పక్కనున్న తొండుపల్లిలో ఆయనకు టెంట్‌హౌస్ ఉంది. ఆదివారం సాయంత్రం కుర్చీలు వేసి, తెల్లగుడ్డ కట్టి, ఊళ్లోవాళ్లకు చిన్నపిల్లల సినిమాలు వేస్తాడు. మొదట్లో నెత్తిమీంచి విమానం పోతుంటే మాటలు వినబడవని ఆపేవాడు. అది న్యాయమే. తర్వాత ఆకాశంలో కాకి కూడా లేకున్నా ఆపడం మొదలుపెట్టాడు. అదీ సరిగ్గా అలిగిన పిల్లాడు, తండ్రి ఎదురుపడే చోట.

“ఎందుకాపినవ్ మామా?”

“విమానమొస్తుంది.”

“ఏది?”

“వస్తది. గంతలోపట చెప్పుండ్రి, ముందుగాల ఎవరు మాట్లాడాలె? కొడుకా, తండ్రా?”

ఇక పంచాయతీ. ఓసారి మా పక్కింటి జంగయ్య “కొడుకే తగ్గాలె” అని అరిచి, కాసేపటికి “పోనీ, తండ్రే తగ్గుతడు” అని గొణిగి, ముగింపు చూడకుండానే ఇంటికి పోయాడు.

“పెద్దోళ్ల సినిమాలు ఎందుకెయ్యవు?” అని అడిగానోసారి.

“పెద్దోళ్లు కోపమొస్తే నవ్వుతరు, ఏడుపొస్తే పనుందంటరు. నాకు సమజ్ కాదు. పోరలైతే కోపమొస్తే పలక పగలగొడ్తరు, ప్రేమొస్తే మీదవడ్తరు.”

ఆ మాట నాకు గుచ్చుకుంది. మా చెల్లె సరితకు పుట్టింటి లాంఛనంగా ఒడిబియ్యం పోయడానికి వాళ్లింటికి వెళ్లి బొట్టు పెట్టి పిలవాల్సింది పోయి, డ్యూటీలో ఉండి ఫోన్లో మెసేజ్ పెట్టాను. ఆమె రాలేదు. ముందు ఎవరు మాట్లాడాలన్న పంతంలో మూడేళ్లు గడిచాయి. ఆమె లేని పండుగలు నాకు చప్పగానే ఉన్నాయి.

ఆ మధ్య ఓ ఆదివారం అన్నాచెల్లెళ్ల సినిమా వేశాడు. అలిగిన చెల్లె తలుపేసుకుంది. అన్న బయట నిలబడ్డాడు. మామ ఆపాడు.

“తలుపు కొట్టమను మామా,” అన్నాను.

“ఎవర్ని?” అన్నాడు మామ, నన్నే చూస్తూ.

మర్నాడే నా భార్య ప్రేమలతనూ, కుంకుమ భరిణెనూ బండెక్కించుకుని రాజేంద్రనగర్‌లో సరిత ఇంటికి పోయాను. కొట్టకముందే తలుపు తెరుచుకుంది.

“వస్తవని మామ నిన్ననే ఫోన్ చేసిండన్నా. సినిమా ఆపిన, మిగిలింది మీ ఇంట్ల చూస్కోండ్రి అన్నడు,” అంది సరిత.

ప్రేమలత బొట్టు పెడుతుంటే సరిత ఏడ్చింది. నేనూ ఏడ్చాను, పనుందని చెప్పలేదు. అప్పుడు జంగయ్య గుర్తొచ్చాడు. ముగింపు చూడకుండా లేచిపోయిన ఆ వారం అతనూ కొడుకుతో మాటలు మానేసే ఉన్నాడు.

తర్వాతి ఆదివారం సరిత వచ్చి నా పక్కనే కూర్చుంది. అదే సినిమా. మామ రిమోట్ ముట్టుకోలేదు. అన్న తలుపు కొట్టాడు, చెల్లె తీసింది, ఇద్దరూ నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడే నిజంగానే విమానం వచ్చింది. ఒక్క ముక్క వినబడలేదు.

“జర ఆపు మామా, ఏమన్నరో ఇనవడలే,” అన్నాను.

“మీ ఇద్దరికీ తెల్వదా?” అన్నాడు మామ.