బీడీల వాకిట్లో స్పానిష్ నాటకం

సారు పోయారని ఆపా ఫోన్ చేసి చెప్పింది. ఆపా మా పక్కింటావిడ. కరీంనగర్‌లో ఆమె, మా అవ్వ ఒకే వాకిట్లో కూర్చుని బీడీలు చేసేవాళ్ళు. మా ఎదురింటి పైగదిలో సారు ఉండేవారు, కాలేజీలో నాకు ఇంగ్లీషు చెప్పారు. చివరి రోజుల్లో ఆపాను ఆయన ఒక్కటే కోరారట: "నన్ను గా పెద్దమనుషులకు అప్పజెప్పకుండ్రి." ఆ మాట చెప్పి ఆపా ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మరునాడు పేపర్ చూస్తే, సభలూ సన్మానాలూ చేసే ఆ పెద్దమనుషులు అప్పుడే మొదలుపెట్టేశారు. ‘ఆంగ్ల నాటక ప్రేమికుడి అస్తమయం’ అని ఒక మూల వేశారు. ఆంగ్ల నాటకం మీద సారుకున్న ప్రేమ నాకు తెలియనిదా! సిలబస్‌లో ఆ పాఠం వచ్చిన రోజున ఆయన ముఖం ఆముదం తాగినట్టు ఉండేది.

ఆయన బతుకంతా చదివింది వేరు. అమెరికాలో స్పానిష్ మాట్లాడే జనం ఆడిన నాటకాల చరిత్ర. వలస వచ్చినవాళ్ళతో నిండిన దేశం కదా, ఎవరి మూటలో ఏ నాటకం వచ్చిందో చూడాలని ఆయన పట్టుదల. దీని మీద పరిశోధన చేస్తానంటే యూనివర్సిటీలో నవ్వారట. కరీంనగర్ మనిషికి స్పానిష్ ఎందుకని అడిగారట. లండన్ నాటకం మాత్రం కరీంనగర్‌కు ఎందుకో ఆ మేధావులను ఎవరూ అడగలేదు. సారు పరిశోధన మానేశారు గానీ చదవడం మానలేదు. నిఘంటువు ముందేసుకుని ఆ భాష సొంతంగా నేర్చుకున్నారు. ఆయన పలుకు సరిగా ఉందో లేదో చెప్పగలవాళ్ళు మా దిక్కున ఎవరూ లేరు కాబట్టి, ఆయన పలికిందే స్పానిష్.

మా వాకిట్లోకి ఆయన రావడానికి కారణం చుట్టలు. ఫ్లోరిడాలో చుట్టలు చుట్టే కార్ఖానాల్లో, క్యూబా నుంచీ స్పెయిన్ నుంచీ వచ్చిన కూలీలు పని చేస్తుంటే, ఒకాయన ఎత్తు పీట మీద కూర్చుని కథలు చదివి వినిపించేవాడట. అతని జీతం కూలీలే తలా ఇంత వేసుకుని ఇచ్చేవారట. అలాంటి కూలీలే సంఘాలు పెట్టుకుని సొంతంగా నాటకశాలలు కట్టుకున్నారట. ఇది చదివిన సాయంత్రం సారు మెట్లు దిగి వచ్చి, అవ్వవాళ్ళ చేటల ముందు కుర్చీ వేసుకున్నారు.

"మీ అసొంటోళ్ళే ఆడ నాటకశాలలు గట్టిండ్రు," అన్నారు.

తునికాకు కత్తిరించడం ఆపకుండానే అవ్వ అంది: "మా అసొంటోళ్ళకు ఇల్లు గట్టుకునుడే అయితలేదు సారూ."

ఆ జవాబు ఆయనకు ఎంత నచ్చిందో, మర్నాటి నుంచి రోజూ వచ్చి చదవడం మొదలుపెట్టారు. స్పానిష్‌లో ఒక ముక్క, మన మాటలో ఒక ముక్క.

లెక్చరర్ అయి ఉండి బీడీల ఆడవాళ్ళ ముందు కూర్చుంటాడా అని స్టాఫ్ రూములో ఒకటే గుసగుస. ఆ గదిలో పుస్తకం తెరిచిన మనిషిని నేను చూడలేదు, టిఫిన్ డబ్బాలు తెరిచినవాళ్ళనే చూశాను. నాటక పోటీలు పెట్టేవాళ్ళు వీళ్ళకంటే ఒక మెట్టు పైన. ఏటా షీల్డులు వాళ్ళలో వాళ్ళే పంచుకుంటారు. "గీళ్ళకు నాటకమంటే శాలువ గప్పుకునే జాగ," అనేవారు సారు. ఆయన నోరూ మంచిదేమీ కాదు. మాటలొచ్చిన సినిమా ఆ స్పానిష్ నాటకశాలలను మింగేసిందని, సినిమాకు పోయే మమ్మల్ని తిట్టేవారు. అదే కాలంలో అమెరికాలో గడ్డురోజులొస్తే, పనులు లేవన్న సాకుతో ఆ జనాన్ని రైళ్ళెక్కించి సరిహద్దు దాటించిన సంగతి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గేది. అలా పంపినవాళ్ళలో అక్కడే పుట్టినవాళ్ళూ ఉన్నారట.

"అందరు వలస వోయినోళ్ళు గాదు. కొందరు ఉన్న కాన్నే ఉన్నరు, దేశం గీతే వాళ్ళ మీదికెల్లి వోయింది," అన్నారు ఒకరోజు.

ఆపా పుట్టిల్లు బోథ్ దిక్కు. రాష్ట్రాల గీత గీశాక ఆమె చుట్టాలు కొందరు అటు మహారాష్ట్రలో పడ్డారు. ఆ మాట వినగానే ఆమె చేటను పక్కన పెట్టి, మళ్ళీ చెప్పమంది.

ఇంకోరోజు సారు, తర్వాతి కాలంలో అదే అమెరికాలో తోటల్లో పనిచేసే స్పానిష్ కూలీలు సమ్మె చేసి, లారీ మీదెక్కి ఆడిన ఆటల గురించి చెప్పారు. తెర ఉండదు, వేషం ఉండదు. మెడలో అట్ట ముక్క, దాని మీద యజమాని అని రాసి ఉంటే వాడే యజమాని. ఇది విన్నాక ఆపా ఊరుకుంటుందా? కట్టిన బీడీ కట్టలు బాగాలేవని ఏరి పారేసే కార్ఖానా సేటు మీద వాకిట్లో ఆడవాళ్ళంతా కలిసి ఆట కట్టారు. చొప్పదండిలో ట్రాక్టర్ ట్రాలీ మీద ఆడారు. ఆపాయే సేటు. ఆట చివర సేటు ఎక్కడికో పోతాడు, ఆడవాళ్ళు మాత్రం ఖాళీ కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడే ఉంటారు. అప్పుడు ఆపా మళ్ళీ వచ్చి, తన మెడలోని అట్ట తీసి కుర్చీకి తగిలించి ఒక మాట అనేది. అంతా కూర్చునేవాళ్ళు. ఆట అయిపోయేది.

సంతాప సభ కాలేజీ హాల్లో పెట్టారు, నేనూ ఊరికి పోయాను. ఫ్లెక్సీ మీద సారు ఫొటో పక్కన ఎద్దును పొడిచే మనిషి బొమ్మ. స్పానిష్ అనగానే వాళ్ళ బుర్రకు తట్టింది అదే. సారు కరీంనగర్ పేరును స్పెయిన్ దాకా తీసుకెళ్ళారని ఒకాయన మైకు పట్టుకుని చెప్పాడు. సారు తిరుపతి కూడా చూడలేదు. ముందు వరుసలు రిజర్వు చేసి తాడు కట్టారు, వాటిలో ఒక్కరూ లేరు. వేదిక మీద ముఖ్య అతిథి కుర్చీ కొత్త తువ్వాలు కప్పుకుని ఎదురుచూస్తోంది. బీడీల ఆడవాళ్ళంతా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆపాకు మైకు ఇవ్వండని పోయి అడిగాను. టైము లేదు మేడం, అతిథి దారిలో ఉన్నాడన్నారు. దారిలో ఉన్నవాడికి టైముంది, పక్కన కూర్చుని సారు ఆఖరి మాట విన్న మనిషికి లేదు. నాకు ఒళ్ళు మండింది.

ఆపా నన్నేమీ అడగలేదు. తాడు దాటి నేరుగా వేదిక ఎక్కింది. సంచిలోంచి అట్ట తీసింది. అంచులు నలిగిపోయాయి గానీ, సారు చేతిరాతలో ‘సేటు’ అన్న అక్షరాలు వెనక గోడ దాకా కనిపించాయి. దాన్ని ఆ కుర్చీ వీపుకు, జనం వైపుకు తిప్పి తగిలించి, మైకు లేకుండానే, ఆ ఆటలోలాగే అంది:

"సేటు రాలే. కుర్సీ ఒక్కటే వచ్చింది. ఎందుకు నిలవడ్డరు? కూసోండ్రి."

ముందు నవ్వింది మా అవ్వ. తర్వాత ఆడవాళ్ళంతా తాడు పైకెత్తి, దాని కింద నుంచి వచ్చి ముందు వరుసల్లో కూర్చున్నారు. నిర్వాహకులు అతిథికి ఎదురెళ్ళడానికి గేటు దగ్గరికి పరుగెత్తారు. చాలాసేపటికి ముఖ్య అతిథి వచ్చాడు. ఆ కుర్చీ దగ్గరికి పోయి, ఫ్యాను గాలికి ఊగుతున్న అట్టను చదివి, చేతిలో దండతో అలాగే నిలబడ్డాడు.